సర్కారు తుమ్మ

జనులు చెట్లకు పెట్టిన పేర్లలో చరిత్ర దాగి ఉంటుంది. కరీంనగరం పల్లెలలో చెరువు కట్టనెక్కి చూడండి. శిఖం భూమినంతా అల్లుకొని ఒక ముళ్ళచెట్టు కనబడుతుంది. దాని పేరు సర్కారు తుమ్మ. పేరులోనే సర్కారు ఉన్నది. అమెరికా ఖండపు మెట్టనేలలలో పుట్టిన ఈ చెట్టు విత్తులను 1877 ప్రాంతాన కడప సీమలో నాటించినవారు నాటి మద్రాసు అటవీశాఖవారు. ఎందుకయ్యా అంటే, వంటచెరకు కొరకే!

ఆ వంటచెరకే నేడు చెరువులను, బీళ్ళను ఆక్రమించినది. ఇప్పుడు దానిని, చెరువులలోని గుర్రపుడెక్కను, ఆదిలాబాదు అడవులలోని పులికంపను ఇంధనంగా మార్చవలెనని విజ్ఞులు సెలవిస్తున్నారు. ఆలోచన మంచిదే. తుమ్మకట్టె బాగా మండుతుంది. బొగ్గుకూ, విద్యుత్తుకూ పనికివస్తుంది. గుర్రపుడెక్కలో నూటికి తొంభై పాళ్ళు నీరే కనుక దానిని ఎండబెట్టబోతే ఖర్చు మిగులుతుంది. పేడతో కలిపి గోబరు గ్యాసు తొట్టిలో వేయుటే మేలు.

కాని నా సందేహమొక్కటి. యంత్రాగారానికి ప్రతిదినమూ మేత కావలెను. కలుపు తరిగిపోతే దాని పొట్ట నిండేదెట్లా? అప్పుడు తుమ్మను పైపైన నరికి మోడు విడిచిపెట్టడమే లాభసాటి అవుతుంది. మోడు మరింత గుబురుగా చిగిరిస్తుంది. వదిలించుకోదలచిన కలుపే పంట అయి కూర్చుంటుంది. ఇది కొరివితో తల గోకుకొనడం కాదా?

ఇటువంటి తొందరపాటును మనం చూడకపోలేదు. ఈ శతాబ్దపు తొలి యేండ్లలో అడవి ఆముదమే డీజిలు కరవు తీర్చగలదని దేశమంతటా నాటించారు. 2017 నాటికి నూటికి 20 పాళ్ళు జీవ ఇంధనం కలుపవలెనని 2009 నాటి జాతీయ విధానం సంకల్పించినది. గడువు దాటిపోయినది, సంకల్పం నెరవేరలేదు. అదీ అమెరికా నుండి వచ్చిన చెట్టే.

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెతను ఆదిలాబాదు గోండు స్త్రీలు అబద్ధం చేశారు. జైనూరు దాపున గల పవర్‌గూడలో వారు మన కానుగనే నమ్ముకొన్నారు. కానుగనూనె డీజిలుకు బదులైనందున గాలిలో చేరకుండ మిగులగల 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు ప్రతిఫలంగా 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించినది. సొమ్ము స్వల్పమే. అయినా చెట్టు వారిది, గింజ వారిది, నిర్ణయమూ వారిది.

కనుక కలుపును కాల్చుదాం. కాని మొదలంటా పెకలించి కాల్చుదాం. కూలి ఆ ఊరివారికే దక్కాలి. ఖాళీ అయిన బీటిలో మరుసటి వానకే కానుగో, వేపో నాటాలి. చెరువు శిఖాన్ని మాత్రం నీటికే విడిచిపెట్టాలి. కలుపు అయిపోయిననాడు యంత్రం నిలిచిపోతే విచారించవలసిన పని లేదు. అదే దాని విజయం. ఈ నియమం లేనిచో, సర్కారు తుమ్మను సర్కారే రెండవమారు నాటించినట్లవుతుంది.