కారు లేని సభకు ఊరేది?

కారు లేని నగరజీవనాన్ని గురించి దేశదేశాల వారు కూడి జరుపుకొనే సభకు ఆతిథ్య నగరాన్ని దేనిని బట్టి ఎన్నుకోవాలి? విమానాశ్రయం దగ్గరగా ఉన్నదా, వందలమంది పట్టే మందిరమున్నదా, అతిథులకు బస దొరుకుతుందా అని చూసి ముగించేవారు ఒక పక్షం. ఇప్పటికే కార్లను వెళ్ళగొట్టిన ఆదర్శనగరానికి సన్మానంగా సభను ఇవ్వాలనేవారు రెండవ పక్షం. ఈ రెండు పక్షాలతోనూ నాకు పేచీ ఉన్నది.

ముందు మాట సంగతి. "కారురహితం" అని రాస్తే నా చెవికి వైరిసమాసంలా కటువుగా వినిపిస్తుంది. నలభై ఏళ్ళు పిల్లలకు వ్యాకరణం చెప్పినవాడి చాదస్తమనుకోండి. "కారు లేని" అందాం. మన భాషలో కారు అంటే ఋతువు, కారు అంటే నలుపు, "వారు మావారు కారు" అన్నప్పుడు కాకపోవడం కూడా. ఈ మూడవ అర్థమే నేటి చర్చకు అవసరం. ఎవరు మనవారు, ఎవరు మనవారు కారు అన్నదే ఊరి ఎంపికలో తేలుతుంది.

1997లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో ఈ సభల పరంపర మొదలైంది. తరువాత 2000లో తిమిషోరా, 2003లో ప్రాగ్, 2004లో బెర్లిన్, 2005లో బుడాపెస్ట్, 2006లో బొగోటా, 2007లో ఇస్తాంబుల్, 2008లో పోర్ట్‌లాండ్, 2010లో యార్క్, 2011లో గ్వాదలహారా. ఈ పదింటిలో ఆరు ఐరోపావి, మూడు అమెరికా ఖండాలవి. ఇస్తాంబుల్ రెండు ఖండాల మీద కాళ్ళు చాపుకొని కూర్చున్న నగరం. ఆఫ్రికాకు, దక్షిణాసియాకు ఒక్కసారీ పిలుపు దక్కలేదు. బతుకంతా కాలినడకనే సాగించే జనం అధికంగా ఉన్న భూభాగాలు నడకను గురించిన సభకు వెలిగానే ఉండిపోయినవి!

ఆ ఊళ్ళన్నీ తగనివని నేననను. బొగోటాలో ఆదివారంనాడు వీధులను నడిచేవారికి, సైకిళ్ళకు విడిచిపెట్టే ఆచారం 1974 డిసెంబరులోనే పుట్టింది. 2000 ఫిబ్రవరిలో ఒక పనిదినాన నగరమంతటా సొంతకార్లను ఆపి, అదే ఏడాది ఓటు పెట్టి దానిని ఏటేటా పాటించాలని ప్రజలచేతనే అనిపించుకున్నారు. పోర్ట్‌లాండ్ వారు 1970లలోనే నది ఒడ్డున ఉన్న పెద్ద రహదారిని పెరికివేసి అక్కడ ఉద్యానం వేశారు. 2008 జూన్‌లో అక్కడ సభ జరిగింది. అదే నెల 22న ఆ ఊరివారు మొదటిసారిగా ఆరు మైళ్ళ వీధులను ఒక ఆదివారం పాదచారులకు వదలిపెట్టారు. సభకు వచ్చినవారు విమానమెక్కి వెళ్ళిపోయాక కూడా ఊరికి ఒక వీధి మిగలాలి. నేను చూసే లెక్క అదే.

ఇక ఆదర్శనగర పక్షం. వారి నోట మొదట వచ్చే పేరు వెనిస్. వెనిస్ పాతనగరంలో కారు లేకపోవడం ఆ ఊరి తపఃఫలం కాదు, ఉప్పునీటి దయ. పియాజాలే రోమా దగ్గరనే కారు దారి ముగుస్తుంది. పోనీ, దయవల్లనైనా అక్కడి జనం సుఖపడ్డారా అంటే, 1951లో లక్షా డెబ్బయి వేలు దాటిన పాతనగరపు జనాభా 2022 నాటికి యాభై వేలకు దిగువకు జారింది. దీనికి కారు లేకపోవడం కారణమని కాదు, యాత్రికుల తాకిడి, ఇళ్ళ ధరలు కారణాలు. అయినా ఉండేవారే కరవైపోతున్న ఊరిని జీవనానికి నమూనాగా చూపడమెట్లా?

మన దేశంలోని మాథేరాన్‌ను చూడండి. ముంబయికి దగ్గరి ఆ కొండ ఊరిలోకి కారు రాదు, దస్తూరి నాకా దగ్గర ఆగవలసిందే. పర్యావరణ ప్రేమికులు చేతులెత్తి మొక్కే ఊరు. కాని అక్కడ మనిషి కూర్చున్న రిక్షాను మనిషే చేతులతో లాగేవాడు. ఆ అమానుషాన్ని ఆరు నెలలలో ఆపమని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. ఇస్తాంబుల్ దగ్గరి ద్వీపాలలోనూ ఇదే కథ. అక్కడ కార్ల బదులు గుర్రాలు బండ్లు లాగి లాగి చచ్చేవి, 2020లో ఆ బండ్లకు స్వస్తి పలికారు. కారు లేదన్న ఒక్క ముక్కతో పట్టాభిషేకం చేసేవారు ఆ బరువు ఎవరి భుజం మీద పడిందో చూడనక్కరలేదా?

మరి నీ మాట ఏమిటంటారా? దక్షిణ కొరియాలోని సువాన్ చేసిన పని చూడమంటాను. ఇక్లీ అనే స్థానిక ప్రభుత్వాల సంస్థతో కలిసి ఆ నగరం 2013 సెప్టెంబరులో ఒక ఉత్సవం చేసింది. అతిథులను ఒక మందిరంలో కూర్చోబెట్టి ఉపన్యాసాలు వినిపించి ఊరుకోలేదు. పాతకోట లోపలి హెంగుంగ్-డాంగ్ అనే పేటను నెల పొడుగునా కార్లు లేకుండా నడిపింది. సుమారు 4,300 మంది నివాసులు, 1,500 కార్లు. కార్లను పేట వెలుపల నిలిపి, సైకిళ్ళిచ్చి, బస్సులు నడిపారు. మొదట అంగళ్ళవారు ఎదురుచెప్పారు, చెప్పరా మరి? బేరం పోతుందన్న భయం బీదవాడికి ఉండేదే. వారితో కూర్చుని మాట్లాడి ఒప్పించడంలోనే అసలు సభ జరిగిందని నా అభిప్రాయం. తరువాత 2015లో జొహానెస్‌బర్గ్, 2017లో తైవాన్‌లోని కావోష్యుంగ్ ఇదే బాటలో నడిచాయి. జొహానెస్‌బర్గ్‌లో ఎన్నుకొన్నది శాండ్టన్ అనే సంపన్నుల వర్తక కేంద్రం. కార్లలో తిరిగేవారి గడపలోనే ఆ మాట చెప్పడం నాకు నచ్చింది.

"నెలరోజుల ముచ్చట, ప్రజాధనం వృథా" అనేవారున్నారు. మూడురోజుల ముచ్చట కంటె నెల నయం కదా! అంతకంటె బలమైన ఆక్షేపణ ఇంకొకటుంది: "మనవాళ్ళు గతిలేక నడుస్తున్నారు. వారికి కారు లేని జీవనమంటూ సభలెందుకు?" దీనికి లెక్కే జవాబు. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించారు, వారిలో 32,825 మంది పాదచారులు. గతిలేక నడిచేవాడే చక్రాల కింద పడుతున్నాడు. ఈ సభ అవసరం అందరికంటె వాడికే ఎక్కువ.

కనుక నగరం పేరుతో దరఖాస్తు పుచ్చుకోవద్దు, వీధి పేరుతో పుచ్చుకోండి. దాని మీద మేయరు సంతకం ఒక్కటే చాలదు. ఆ వీధిలో ఇల్లున్నవారు, అంగడి ఉన్నవారు, తోపుడుబండివారు, రిక్షావారు చేవ్రాలు చేయాలి. హైదరాబాదును పిలవరాదా అని మనవారు అడుగుతారు, చార్మినార్ చుట్టూ పాదచారుల పథకం ఉన్నది కదా అంటారు. పిలవవచ్చు, అభ్యంతరం లేదు. పరిచిన రాళ్ళ మీద గాజులమ్మే బండికి చోటుంటుందో లేదో ముందు చెప్పించండి. బండ్లను కూడా తుడిచిపెట్టి నునుపు చేసిన వీధి ఫొటోకు బాగుంటుంది, నడిచేవాడు దాహం వేస్తే ఎక్కడ ఆగుతాడు?

నన్నడిగితే మొదటి దరఖాస్తు ఢిల్లీలోని చాందినీ చౌక్ నుండి రావాలి. ఎర్రకోట ఎదుటినుండి ఫతేపురి మసీదు దాకా సుమారు 1.3 కిలోమీటర్లు. 2021లో దానిని కొత్తగా తీర్చి, ఉదయం 9 నుండి రాత్రి 9 వరకు మోటారు వాహనాలు రాకూడదన్న నిబంధనతో ప్రారంభించారు. అతిథులకు అక్కడనే బస ఇవ్వండి. పగలు ఆ నిబంధన ఎంత నిలుస్తున్నదో వారు కళ్ళారా చూస్తారు. రాత్రి తొమ్మిది దాటాక ఆ వీధిలోనే కుర్చీలు వేసి చివరి సమావేశం పెట్టండి, ఆ కుర్చీలను ఎవరు వచ్చి తీయమంటారో చూద్దాం.