గడప దాటే ముందు ఇజాజత్



మన ఇళ్లలో ఒక పాత ఖాయిదా ఉంది. వచ్చినవాళ్లు గుమ్మానికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు నిలబడి సలాం చెబుతారు. లోపలి నుంచి జవాబు రాకపోతే మళ్లీ చెబుతారు. మూడోసారి కూడా జవాబు రాకపోతే కోపం తెచ్చుకోకుండా వెనక్కి వెళ్లిపోతారు. ఇది దీన్ నేర్పిన అదబ్. ఇతరుల ఇళ్లలోకి ఇజాజత్ లేకుండా వెళ్లొద్దని సూరె నూర్‌లో హుకుం ఉంది. కన్నపిల్లలు కూడా ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం నడుం వాల్చే వేళ, ఇషా తర్వాత పెద్దల గదిలోకి అడిగి రావాలని అదే సూరాలో ఉంది.

ఈ అదబ్ ఇంకా బతికే ఉంది. మా భట్టిప్రోలులో ఈరోజుకీ పక్కింటి పిల్లాడు ఖాళీ గిన్నె తిరిగివ్వడానికి వచ్చినా గుమ్మం దగ్గరే ఆగి "ఖాలా" అని పిలుస్తాడు. మరి అదే ఇంట్లో అబ్బా జేబులో, అమ్మీ దిండు కింద, పిల్లల చేతుల్లో ఉన్న ఫోన్ సంగతేమిటి? అది మనం ఎక్కడున్నామో, ఎవరితో మాట్లాడామో, ఏ ఫొటో దిగామో తెలుసుకోవాలంటుంది. ఒక్కోసారి అడుగుతుంది కూడా. మనం చదవకుండా "అలౌ" అని నొక్కేస్తాం. గుమ్మానికి పర్దా వేసి, గోడ పడగొట్టుకున్నట్టుంది మన పరిస్థితి.

వేరేవాళ్లను అనే ముందు నా తప్పు చెప్పుకుంటాను.

మా ఆపా కూతురికి రిష్తాలు చూస్తున్న రోజులు. ఒక మషాతా "బయోడేటా, రెండు ఫొటోలు పంపండి భాయ్" అంది. పంపాను. ఇద్దరు దోస్తులకు, ఒక రిష్తా గ్రూపుకు కూడా పంపాను. నా నియ్యత్ మంచిదే. నాలుగు నెలలు గడిచాక వేరే జిల్లాలో ఉండే దూరపు చుట్టం ఒకాయన ఫోన్ చేసి, "మీ అమ్మాయి కాగితం మా గ్రూపులో తిరుగుతోంది, తెలుసా?" అన్నాడు. అందులో పిల్ల పేరు, పుట్టిన తేదీ, కాలేజీ, ఇంటి చిరునామా, ఆపా ఫోన్ నంబరు అన్నీ ఉన్నాయి. ఆ నంబరుకు రాత్రివేళ ఎవరెవరో కాల్స్ చేస్తున్నారని, ఆపా భయపడి ఎవరికీ చెప్పలేదని అప్పుడే తెలిసింది. ఆపా నంబరు మార్చుకుంది. ఫొటోను మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు.

ఆ పిల్ల ఏడవలేదు, అరవలేదు. "మామూ, ఎవరెవరికి పంపుతున్నారో నన్ను ఒక్కమాట అడిగారా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. పరాయి గుమ్మం ముందు మూడుసార్లు సలాం చెప్పే నేను, మా పిల్ల మొహాన్ని ఊరూరా పంపేముందు ఒక్కసారి కూడా అడగలేదు.

అందుకే ఈ మాట రాస్తున్నాను. ఫోన్ మంచిదా చెడ్డదా అన్న బహస్ ఇప్పటికే చాలా జరిగింది. నేను అడిగేది ఒక్కటే: మన ఇంటి నుంచి బయటకు పోయే ప్రతి మాటకూ, ప్రతి మొహానికీ, ప్రతి కాగితానికీ ఎవరి ఇజాజత్ తీసుకుంటున్నాం?

దీన్ పేరుతో వచ్చే యాప్ అయితే ఫికర్ లేదనుకుంటాం. ముస్లిం ప్రో కథ గుర్తు చేసుకోండి. నమాజు వేళలు, ఖిబ్లా దిశ చూపించే యాప్ అది. దునియా అంతటా 9 కోట్లకు పైగా డౌన్‌లోడ్లు. దాన్ని వాడేవాళ్లు ఎక్కడెక్కడ తిరుగుతున్నారన్న సమాచారం ఎక్స్-మోడ్ అనే అమెరికన్ కంపెనీకి చేరుతోందని, ఆ కంపెనీ ఖాతాదారుల్లో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారని 2020 నవంబరులో మదర్‌బోర్డ్ అనే వార్తాసంస్థ బయటపెట్టింది. సైన్యానికి మేము నేరుగా అమ్మలేదని యాప్‌వాళ్లు చెప్పారు, ఆ కంపెనీతో సంబంధం తెంచుకున్నామన్నారు. 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎక్స్-మోడ్‌పై చర్య తీసుకుని, ప్రార్థనాలయాల వంటి సున్నితమైన చోట్లకు సంబంధించిన సమాచారం అమ్మకూడదని కట్టడి చేసింది. అప్పటికి ఎన్ని కోట్ల సజ్దాల జాడ ఎవరి చేతుల్లో పడిందో అల్లాహ్‌కే తెలుసు.

ఇప్పుడు మన ఊరికి రండి. మౌజన్ సాబ్ అజాన్ ఇంట్లోకి వినిపిస్తుంది. మసీదు గోడకు వేళల బోర్డు ఉంది. రంజాన్ వస్తే సహర్, ఇఫ్తార్ వేళల కార్డు అచ్చువేసి ఇంటింటికీ పంచుతారు. ఖిబ్లా ప్రతిరోజూ మారేది కాదు, ఏ గోడవైపో ఒకసారి తెలుసుకుంటే ఆ ఇల్లు నిలిచినన్నాళ్లూ అదే. వీటిలో ఏదీ నువ్వెక్కడున్నావని మనల్ని అడగదు. చేతిలో ముఫ్త్‌గా ఉన్నదాన్ని వదిలేసి, లొకేషన్ అప్పగించి మరీ నమాజు వేళ తెలుసుకోవడం ఏం అక్లమందీ?

"అమెరికా సంగతి మనకెందుకు భాయ్?" అంటారా? మన రాష్ట్రం సంగతే చెబుతాను. ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా 30 వేల మందికి పైగా పేదల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతా వివరాలు ఎవరైనా చూసేలా పడి ఉన్నాయని 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. అక్కడ కులం ప్రకారం, మతం ప్రకారం కూడా జనాన్ని వెతికే వీలుంది. తలదాచుకోను ఇల్లు ఇప్పించండని దరఖాస్తు పెట్టినవాళ్లు వాళ్లంతా. తమ మతం పక్కన తమ చిరునామా చేర్చి ఇంటర్నెట్‌లో పెట్టమని వాళ్లలో ఒక్కరైనా చెప్పారా? ఫలానా మతంవాళ్ల ఇళ్లు ఎక్కడున్నాయో చూపే జాబితా తప్పుడు చేతుల్లో పడితే ఏమవుతుందో మన ఖౌమ్‌కు ఎవరూ వివరించనక్కరలేదు.

ఆడపిల్లల విషయం ఇంకా దారుణం. 2021 జులైలో ఒక యాప్, 2022 జనవరి 1న బుల్లీ బాయి పేరుతో ఇంకోటి. సోషల్ మీడియాలో ఉన్న ముస్లిం స్త్రీల ఫొటోలు ఎత్తుకొచ్చి వేలం పాట అంటూ పెట్టారు. జర్నలిస్టులు, లాయర్లు, చదువుకున్న ధైర్యవంతులైన ఆడవాళ్లను ఏరి మరీ పెట్టారు. కేసులయ్యాయి, అరెస్టులయ్యాయి. దాన్ని చూపి మన పెద్దలు కొందరు "అందుకే ఆడపిల్లలకు ఫోన్ వద్దు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. నేరం చేసింది ఎవరు, శిక్ష ఎవరికి? ఆ పిల్లలు తమ ఫొటో తామే, తమ ఇష్టంతో పెట్టుకున్నారు. మా ఆపా కూతురి ఫొటోను అడగకుండా బజారుకు పంపింది నేను, అంటే ఇంటి మగవాడిని. పర్దా గురించి లెక్చర్ ఇచ్చేముందు మనం మన ఫోన్ గ్యాలరీ తెరిచి చూసుకోవాలి.

ఇంకో మాట, మసీదు కమిటీలవాళ్లు మన్నించాలి. రంజాన్‌లో రేషన్ కిట్లు పంచుతారు. చాలా సవాబ్ పని. కానీ నూనె ప్యాకెట్ పట్టుకున్న బేవా పక్కన పదిమంది నిలబడి ఫొటో దిగి, అది నలభై గ్రూపుల్లో వేయడం ఏమిటి? కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న దీన్ మనది. ఆ తల్లి ఇంట్లో పెళ్లికెదిగిన కూతురు ఉండొచ్చు, కాలేజీలో చదివే కొడుకు ఉండొచ్చు. వాళ్ల ఇజ్జత్ ఒక కిట్టు ఖరీదా? చందాదారులకు లెక్క చూపాలంటే రసీదు పుస్తకం చూపండి. పేదవాడి మొహం చూపించకండి.

"మనం తప్పు చేయనప్పుడు దాచేదేముంది?" అనే జనాబ్‌లు ప్రతి చాయ్ బండి దగ్గరా ఉంటారు. హజ్రత్ ఉమర్ (రజి) గురించి ఒక మశ్‌హూర్ రివాయత్ వాళ్లకు గుర్తు చేస్తాను. ఖలీఫా ఒక రాత్రి గస్తీ తిరుగుతూ అనుమానంతో గోడెక్కి ఒక ఇంట్లోకి దిగారు. ఆ ఇంటివాడు గునాహ్ చేస్తూ దొరికాడు. కానీ అతను ఎదురు చెప్పాడు: "నాది ఒక్క తప్పు, మీవి మూడు. నిఘా పెట్టారు, తలుపు నుంచి రాలేదు, సలాం చెప్పి అడగలేదు." ఖలీఫా ఒప్పుకుని వెనుదిరిగారు. తప్పు చేస్తూ దొరికినవాడికే ఇంటి హక్కు ఉంటే, తప్పు చేయనివాడికి ఉండదా? తజస్సుస్‌ను, అంటే కూపీలు లాగడాన్ని సూరె హుజురాత్ మనా చేసింది. గీబత్‌ను కూడా అదే ఆయత్‌లో మనా చేసింది.

మా ఊరి స్తూపమే చూడండి. 1892లో అలెగ్జాండర్ రే తవ్వినప్పుడు రాతి పేటికలు బయటపడ్డాయి. వాటి లోపల స్ఫటికపు పేటికలు. బుద్ధుడి ధాతువులని నమ్మిన వాటిని రాయి లోపల, స్ఫటికం లోపల పదిలంగా పెట్టారు. పేటిక మీద దాతలు తమ పేర్లు చెక్కించుకున్నారు. అందరికీ తెలియాల్సింది రాశారు, ప్రాణంగా చూసుకునేది మూశారు. రెండు వేల ఏళ్ల కిందట మా ఊరివాళ్లకు తెలిసిన ఫరక్ మనకు తెలియదా? దాచుకోవడమంటే దొంగతనం కాదు, అమానత్‌ను హిఫాజత్ చేయడం.

ఖానూన్ కాపాడుతుందా? కొంత. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చారు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. కంపెనీలు మన మర్జీ తీసుకోవాలంటుంది, తప్పితే 250 కోట్ల దాకా జరిమానా. కానీ సర్కారుకు అందులో పెద్ద మినహాయింపులు ఉన్నాయి. ఇంకో మినహాయింపు మనకే ఉంది: సొంత, ఇంటి అవసరానికి వాడే సమాచారానికి ఆ చట్టం వర్తించదు. అంటే మేనమామ వాట్సాప్‌లో మేనకోడలి ఫొటో పంపితే ఆపడం ఈ చట్టం పని కాదు. వాట్సాప్ తాళం కూడా దారిలో చదవనివ్వదు గానీ, అందుకున్నవాడు ముందుకు పంపితే ఏం చేస్తుంది? అక్కడ మిగిలేది మన అదబ్ ఒక్కటే.

అలాగని ఫోన్ హరామ్, తీసి చెరువులో పారేయండి అనేవాళ్లతో నేను లేను. కువైట్‌లో కొడుకు ఉన్న అమ్మీకి ఆ వీడియో కాలే ఈద్. 2025 జనవరిలో మన మిత్ర పేరుతో రాష్ట్ర ప్రభుత్వం 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరగలేనివాళ్లకు మేలే. కానీ ఒకటి అడగాలి: ఆ ఫోన్ లేని ముసలాయనకు ఆఫీసులో కిటికీ తెరిచే ఉండాలి. స్మార్ట్‌ఫోన్ లేకుండా బతకడం ఆయన హక్కు, వెనకబాటు కాదు.

మా ఇంట్లో చేసుకున్న మార్పులు చెబుతాను. పెద్ద ఇల్మ్ ఏమీ కాదు, ఎవరైనా చేయొచ్చు.

లొకేషన్ ఎప్పుడూ ఆఫ్. దారి వెతకాల్సినప్పుడు ఆన్ చేసి, చేరాక మళ్లీ ఆఫ్. నమాజు వేళలకు గోడ మీద కాగితం ఉంది. దాదీమాకు బటన్ల ఫోన్ ఇచ్చాం, మనుమలతో మాట్లాడటానికి అది చాలు. ఇషా తర్వాత ఫోన్లన్నీ ముందు గదిలో ఒక డబ్బాలో పడుకుంటాయి. మొదటి వారం నాకే చేతులు దురద పెట్టాయి. ఇప్పుడు దస్తర్‌ఖాన్ దగ్గర మళ్లీ మాటలు వినిపిస్తున్నాయి, అల్‌హమ్దులిల్లాహ్. ఆధార్ ఇవ్వాల్సివస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తున్నాం. రిష్తా అయితే బయోడేటాలో చిరునామా, ఫోన్ నంబరు రాయడం మానేశాం. ఫొటో కాగితం మీద తీయించి, ఆపా స్వయంగా పట్టుకెళ్లి, ఆడవాళ్లకు చూపించి, వెనక్కి తెస్తుంది. ఎవరింటికి తీసుకెళ్లాలో ముందు పిల్లను అడుగుతుంది.

"ఇలాగైతే రిష్తాలు లేటవుతాయి" అని మషాతా నవ్వింది. కానివ్వండి. పిల్లను అడగడానికి పట్టే టైము లేటు కాదు.

ఇమాం సాబ్‌లకు నాదొక గుజారిష్: ఒక జుమా ఖుత్బాలో ఈ మాట చెప్పండి. ఇళ్లలోకి ఇజాజత్ లేకుండా వెళ్లొద్దన్న హుకుం ఫోన్‌కు కూడా వర్తిస్తుందని చెప్పండి. తల్లుల్లారా, ఫొటో పంపబోయే మీ భాయ్ చెయ్యి పట్టుకుని ఆపండి. పిల్లల్లారా, మీ మొహం మీది, అడగకుండా పంపితే పెద్దవాళ్లనైనా నిలదీయండి. మా ఆపా కూతురు అలా అడగకపోతే నేను ఈరోజుకీ ఫార్వర్డ్ చేస్తూనే ఉండేవాణ్ని.

అల్లాహ్ సత్తార్, మన ఐబులు కప్పేవాడు. ఆయన కప్పినదాన్ని మన చేతులతో మనమే విప్పి పంచకుండా ఉండే తౌఫీఖ్ ఇవ్వుగాక. ఆమీన్.