చెడినది ఎక్కడ? నింద ఎవరిపైన?

పుదుచ్చేరి రైల్వే స్టేషను ముందున్న వీధి వి. సుబ్బయ్య గారి పేర వెలసినది. 1936 జూలై 30న ఫ్రెంచి పాలకుల తుపాకులకు పన్నెండుగురు మిల్లు కార్మికులు బలియైన సమ్మె పోరాటానికి ఆయన నాయకుడు. ఆ కార్మికునికి మగ్గం చెడితే చెడిన భాగం కంటికి కనిపించేది. నేడు రిజర్వేషను కౌంటరులోగాని, తపాలా కౌంటరులోగాని తెర నిలిచిపోతే చెడినదేమిటో ఉద్యోగికి కనిపించదు. ప్రజలకు కనిపించేది మాత్రం ఆ ఉద్యోగి ముఖమే!

తపాలా శాఖవారి ఏపీటీ వ్యవస్థ 2025 ఆగస్టు 4 నాటికి దేశమంతటా అమలైనది. రైల్వేలకు 1986లో ఏర్పడిన క్రిస్ సంస్థ ఉన్నది. ఈ కాలపు పెద్ద ప్రోగ్రాములను ఏ సంస్థయు మొదటినుండి చివరివరకు తానే వ్రాసుకొనదు. ఇతరులు వ్రాసియుంచిన భాగాలను తెచ్చి తన ప్రోగ్రాముతో కూర్చుకొనును. ఆ భాగాన్ని లైబ్రరీ అనియు, కూర్చే పనిని బిల్డ్ అనియు అంటారు. పుదుచ్చేరిలోని రోమైన్ రోలాండ్ గ్రంథాలయంలో బీరువాలోని పుస్తకం రాత్రికి రాత్రి తన పుటలు మార్చుకొనదు. ఈ లైబ్రరీ మార్చుకొనును. నిన్న కుదిరిన బిల్డ్, మనవారు ఒక్క అక్షరం మార్చకున్నను, నేడు విఫలమగును. విల్లుపురం నుండి 1879లో వచ్చిన మీటరుగేజి మార్గం బ్రాడ్‌గేజిగా మారిన పిదప పాత పెట్టె ఎంత దృఢమైనదైనను ఆ పట్టాలపై నడవజాలదు కదా!

2016 మార్చి 22న ఒక రచయిత అలిగి, లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు వరుసల భాగాన్ని ఎన్‌పీఎం భాండాగారం నుండి తొలగించినాడు. పదానికి ఎడమవైపు ఖాళీలు చేర్చుటయే దాని పని. ఆ కొద్దిపాటి లోటుకు ప్రపంచమంతటా వేలాది బిల్డులు ఆగిపోయినవి. సుమారు రెండు గంటల పిదప దానిని తిరిగి ఉంచవలసివచ్చినది.

మరమ్మతు బ్రహ్మవిద్య కాదు. దోషపట్టికలో మొదటి దోషాన్ని చదవవలెను. తక్కినవి చాలావరకు దాని సంతానమే. నిన్నటికి నేటికి ఏ లైబ్రరీ సంచిక మారినదో పోల్చిచూచి, కుదిరిన పాత సంచిక సంఖ్యను లాక్ ఫైలులో బిగించవలెను. పిదప నిదానంగా కొత్త సంచికకు తగినట్లు మన ప్రోగ్రామును సవరించి, పరీక్షించి, అప్పుడే మారవలెను. పాతదానినే శాశ్వతంగా పట్టుకొని కూర్చొనుట కూడ ప్రమాదకరమే. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జె లైబ్రరీలో బయటపడిన భద్రతాలోపం పాత సంచికలు వాడుతున్నవారిని గజగజలాడించినది.

ఈ పనికి కాలం కావలెను, మనుషులు కావలెను. యాజమాన్యాలు కోత విధించేది సరిగా అక్కడనే. ఎనిమిది గంటల పనిదినం 1936 నాటి ఆ సమ్మె కోరికలలో ఒకటి. రాత్రంతా బిల్డ్ సరిచేసే కాంట్రాక్టు సాంకేతికునికి నేడది ఎక్కడ? ఆ రాత్రిపనిని హాజరులో వ్రాసి వేతనమివ్వవలెను. పరీక్షింపని మార్పును పనిరోజున కౌంటర్లపైకి పంపరాదు. పాత సంచికకు వెంటనే మరలే ఏర్పాటు ముందుగానే సిద్ధంగా ఉండవలెను. వ్యవస్థ నిలిచిన సమయాన్ని నమోదుచేసి, ఆ జాప్యానికి కౌంటరు ఉద్యోగిని సంజాయిషీ అడుగరాదు. ఈ మేరకు ఉభయ శాఖలు వ్రాతపూర్వక ఉత్తర్వులు జారీచేయవలెనని మేము కోరుతున్నాము.