ముందు బోర్డు సంగతి అడగండి భాయ్

"ఐ7 హై భాయ్, ఔర్ క్యా హోనా?"

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనందరి నోట్లో సీటీసీ. ఆ చుట్టుపక్కల పాత కంప్యూటర్ సామాను అమ్మే దుకాణాల్లో ఈ మాట వినని వాళ్లుండరు. ఐ7 అనగానే కొనే పిల్లాడి కళ్లు మెరుస్తాయి. పక్కన నిలబడ్డ అబ్బాజాన్ నోరు మూతపడుతుంది. ఆ పేరు ఆయన కూడా ఎక్కడో విన్నాడు మరి. ఈ మాట మీద నాకు గట్టి ఎతరాజ్ ఉంది.

పాత సామాను కొనడం మీద కాదు సుమా. జుమేరాత్ బజార్‌లో రేడియోలు, ఫ్యాన్లు, సైకిళ్లు బేరమాడి తెచ్చుకుని బతికిన షహర్ మనది. సెకండ్ హ్యాండ్ అంటే షరమ్ పడాల్సిన పనేం లేదు. పైగా కంప్యూటర్లో పాతది కొనడానికి అన్నిటికన్నా నమ్మకమైన వస్తువు ప్రాసెసరే. అందులో తిరిగే భాగం లేదు, అరిగే భాగం లేదు. మామూలుగా వాడితే పదేళ్లయినా పనిచేస్తుంది. ముష్కిలంతా అది కూర్చునే బోర్డుతోనే.

మా బాజీ కొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. గేములంటే వాడికి జాన్. బాజీ కార్చోబ్ పని చేసి కూడబెట్టి, చిట్టీ ఎత్తి ముప్పై వేలు వాడి చేతిలో పెట్టింది. "మామూ, ఒక దుకాణంలో ఐ7, బోర్డు, ర్యామ్ అన్నీ కలిపి ఇస్తా అంటున్నడు, తీస్కోవాల్నా?" అని ఫోన్. ఏ ఐ7 రా అంటే వాడికి తెల్వదు. ఫొటో పంపమంటే పంపాడు. 3770. అంటే 2012 నాటిది. అది మార్కెట్‌కి వచ్చేనాటికి మా భాంజా నర్సరీకి పోతున్నాడు.

ఐ7 అనేది ఒక ఖితాబ్, అంతే. 1949లో జాగీర్లు రద్దయ్యాక కూడా నవాబ్ సాబ్‌ని నవాబ్ సాబ్ అనే పిలిచారు, ఖజానాలో మాత్రం పైసా రాలేదు. అసలు సంగతి ఖితాబ్ పక్కనున్న నంబర్ చెప్తుంది. 3770లో మొదటి 3 అంటే మూడో తరం. 10100 అంటే పదో తరం, 12100 అంటే పన్నెండో తరం. 2017లో వచ్చిన ఐ7-7700కి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2020లో వచ్చిన ఐ3-10100కి కూడా సరిగ్గా అంతే. మూడేళ్లలో ఐ7 హోదా దిగొచ్చి ఐ3 గద్దె మీద కూర్చుంది. 2022లో వచ్చిన ఐ3-12100 ముందు ఆ 3770 ఏ గేములోనూ నిలబడలేదు.

వేగం తక్కువైతే సర్దుకోవచ్చు, సెట్టింగులు తగ్గించి ఆడుకోవచ్చు. మగర్ మూడో తరంలో ఏవీఎక్స్2 అనే సూచనల గుంపు లేదు. అది లేకపోతే కొన్ని కొత్త గేములు తెరుచుకోనే తెరుచుకోవు. విండోస్ 11 కావాలంటే మైక్రోసాఫ్ట్ లెక్కలో ఇంటెల్ ఎనిమిదో తరం, లేదంటే రైజెన్ 2000 వరస నుంచి మొదలు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఖతం. మన పిల్లలు పడిచచ్చే వాలరెంట్ విండోస్ 11 మీద నడవాలంటే బోర్డులో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఉండాల్సిందే. బాజీ చిట్టీ డబ్బుతో కొన్న ఐ7 మీద వాడికిష్టమైన గేమే ఆడకపోతే ఆ ఇంట్లో రాత్రి ఏం జరుగుతుందో ఊహించుకోండి.

ఇక బోర్డు మామ్లా. పాత ప్రాసెసర్లు కుప్పలుగా దొరుకుతాయి, వాటికి సరిపోయే మంచి పాత బోర్డులు మాత్రం కరువు. వజా సాదాసీదాదే: చిప్పు బతికింది, బోర్డు చచ్చింది. దానిమీద కెపాసిటర్లుంటాయి, కరెంటు సర్దే వీఆర్ఎం ఉంటుంది, ర్యామ్ స్లాట్లుంటాయి. దుమ్ము, తేమ, లో వోల్టేజీ, చవక పవర్ సప్లై, అన్నీ కలిసి ముందు దాన్నే తింటాయి. అది పోతే మూడో తరానికి పేరున్న కంపెనీ కొత్త బోర్డు దొరకడం నసీబ్ మీద ఆధారపడిన పని. ఇంకో పాత బోర్డు వెతుక్కోవాలి. అదెన్నాళ్లుంటుందో ఎవరికీ తెల్వదు. దానిమీద పెట్టిన డీడీఆర్3 ర్యామ్ రేపు కొత్త మిషన్‌కి పనికిరాదు.

కాబట్టి నా రాయ్ ఇది. ఏ ప్రాసెసర్‌కి ఇవాళ్టికీ దుకాణంలో సీలు డబ్బాలో కొత్త బోర్డు దొరుకుతుందో, ఆ ప్రాసెసర్‌నే పాతది కొనండి. బోర్డు కొత్తది తీసుకోండి.

ఈ హిసాబ్ ప్రకారం గరీబోడికి అన్నిటికన్నా ఫైదా ఏఎండీ ఏఎం4 సాకెట్. 2017లో మొదటి రైజెన్ దానిమీదే కూర్చుంది, 2022లో వచ్చిన రైజెన్ 5 5600 కూడా దానిమీదే. పాత రైజెన్ 5 3600, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లు, కొని కొత్త బీ450 బోర్డు మీద పెట్టుకుంటే రేపు పైసలున్నప్పుడు బయోస్ అప్‌డేట్ చేసి అదే బోర్డు మీద 5600 ఎక్కించుకోవచ్చు. ఇంటెలే కావాలంటే పన్నెండో తరం ఐ3-12100ఎఫ్, దానికి హెచ్610 బోర్డు. చివర్లో ఎఫ్ ఉందంటే లోపల గ్రాఫిక్స్ లేదని మతలబ్. 3600కి కూడా లేదు. కార్డు పెట్టకపోతే తెర నల్లగా ఉంటుంది, ప్రాసెసర్ చెడిందని పరేషాన్ కావద్దు. 13, 14 తరాల ఐ7, ఐ9 పాతవి ఎంత చవకగా వచ్చినా నక్కో. వాటిలో వోల్టేజీ ఎక్కువై చిప్పు దెబ్బతినే సమస్య ఉందని 2024లో ఇంటెలే ఒప్పుకుని వారంటీ పెంచింది. ప్రాసెసర్ చెడదు అన్న నా మాటకి ఇదొక్కటే పెద్ద మినహాయింపు.

పేరు ఒకటే అయినా సాకెట్ ధోకా ఇచ్చే చోటు ఇంకోటుంది. ఎల్‌జీఏ 1151. ఆరు, ఏడు తరాలు దానిమీదే, ఎనిమిది, తొమ్మిది తరాలు కూడా దానిమీదే. చూస్తే కవల పిల్లలు. కానీ ఏడో తరం కోసం చేసిన బీ250 బోర్డులో ఎనిమిదో తరం చిప్పు పెడితే మిషన్ లేవదు. వేరువేరు దుకాణాల్లో రెండూ కొనుక్కుని ఇంటికొచ్చి తల పట్టుకునే పిల్లలు ఎందరో.

పాతది చేతిలోకి తీసుకున్నప్పుడు ఎక్కడ చూడాలి? ఇంటెల్‌కి పిన్నులు బోర్డు సాకెట్లో ఉంటాయి, ఏఎం4కి ప్రాసెసర్ కిందే ఉంటాయి. 1331 సన్నని పిన్నులు. చిప్పు తిరగేసి, కంటికి సమంగా పట్టుకుని వరస వెంబడి చూడండి, ఒంగింది తెలిసిపోతుంది. ఏఎం4లో ఇంకో చిక్కుంది. కూలర్‌ని నేరుగా పైకి లాగితే ఎండిన పేస్టుకి అతుక్కుని ప్రాసెసర్ కూడా సాకెట్లోంచి ఊడొస్తుంది. అక్కడే సగం పిన్నులు ఒంగేది. మిషన్ కాసేపు నడిపి వేడెక్కించి, ఆపేశాక కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి. దుకాణంలో కుర్రాడు లాగేస్తుంటే "జరా ఠహ్రో" అనండి, సిగ్గుపడకండి.

ఎవరికైనా పాత బోర్డే గతి అయితే, ప్రతి ర్యామ్ స్లాట్‌లోనూ కడ్డీ పెట్టి చూడమనండి. కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందా చూడండి. పావుగంట సినీబెంచ్ నడిపించి కూర్చోండి. చాయ్ తాగేంత టైమే కదా. ఐటీ కంపెనీల నుంచి వచ్చే ఆఫీసు డెస్క్‌టాపులు చవకే, గట్టివే, కానీ చాలావాటిలో బోర్డు, పవర్ సప్లై వాటి సొంత తరహావి, బయట సామాను అతకదు.

కొందరు బుజుర్గులు అంటారు, ఈ గేముల కోసం ఇంత హంగామా ఎందుకని. క్రికెట్ బ్యాట్ కొనేటప్పుడు మాత్రం కట్టె గట్టిదా, అంటించిందా అని పది దుకాణాలు తిప్పుతారు. పిల్లాడి షౌక్ సంగతి వాడి ఇంటివాళ్లు చూసుకుంటారు. తల్లి వేళ్లు సూదులు గుచ్చుకుని తెచ్చిన డబ్బు అడ్డగోలుగా పోతుంటే అడగడం మన పని.

దుకాణదారులంతా బేఇమాన్ అనడం లేదు, వాళ్లూ మనవాళ్లే, వాళ్లకీ బాల్‌బచ్చే ఉన్నారు. కానీ బిల్లు మీద "ఐ7 కాంబో" అని రాసి ఇచ్చే ఆదత్ పోవాలి. ప్రాసెసర్ పూర్తి నంబర్, బోర్డు పూర్తి మోడల్, చెడితే ఎన్ని రోజుల్లో తిరిగి తీసుకుంటాడో, ఈ మూడూ కాగితం మీద రాయమనండి. రాయనంటే పక్క దుకాణం పది అడుగుల దూరంలోనే ఉంటుంది.