తెడ్డు ఎవరి చేతిలో?

"అక్కా, ఈ వేసవికి నువ్వూ బావగారూ తప్పకుండా రండి. ఊళ్ళూ షాపులూ కాదు, ఈసారి అడవికెళదాం. నాలుగు రోజులు నడక, రెండు రోజులు పడవ" అంది సియాటిల్ నుంచి మా చెల్లెలు ఫోన్లో. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "మరి వంటో?"

ఫోన్ పెట్టేశాక నా మీద నాకే నవ్వొచ్చింది. ఎక్కడ పడుకుంటాం, చలెంత ఉంటుంది, ఎలుగుబంట్లు వస్తాయా... ఇవేవీ అడగలేదు. ఇరవయ్యేళ్ళుగా ఏ ప్రయాణమన్నా పులిహోర కలపడంతో మొదలుపెట్టి, ఇంటికొచ్చి మాసిన బట్టలు నానబెట్టడంతో ముగించే అలవాటు. అడవి పేరు చెప్పినా వంటిల్లే గుర్తొచ్చింది.

తర్వాతి వారం మరిదిగారు కంప్యూటర్లో వేసిన ప్లాను పంపారు. చక్కగా గళ్ళు గీసి ఉంది. పర్మిట్లు, మ్యాపులు, పడవలు, కారు అనే గళ్ళలో ఆయన పేరూ, మావారి పేరూ. భోజనాలు, మందులు, పిల్లల బట్టలు అనే గళ్ళలో మా అక్కచెల్లెళ్ళ పేర్లు. ఆయన మంచివాడే. అందులో దురుద్దేశం ఏమీ లేదు. ఇంట్లో ఉన్న అమరికనే మడతపెట్టి అడవికి పట్టుకెళుతున్నాడు, అంతే. నేను మాత్రం ఊరుకోలేదు. "మ్యాపు గడిలో నా పేరు కూడా రాయించు" అన్నాను చెల్లెలితో. అలా అన్నందుకు నెల్లాళ్ళుగా చదువుతూనే ఉన్నాను.

మేము వెళ్ళాలనుకుంటున్నది అమెరికా పడమటి భాగంలో వయోమింగ్ రాష్ట్రానికి. అక్కడ రెండు నేషనల్ పార్కులు పక్కపక్కనే ఉన్నాయి. పైన ఉన్నది ఎల్లోస్టోన్, 1872లో ఏర్పడింది. ప్రపంచంలో మొట్టమొదటి నేషనల్ పార్కు అదే. దాదాపు 9 వేల చదరపు కిలోమీటర్లు. దాని కింద గ్రాండ్ టీటన్, 1929లో ఏర్పడింది. పార్కంటే మన మునిసిపల్ పార్కులా సిమెంటు బెంచీలూ, పిల్లల జారుడుబల్లా కావు. మంచుకొండలు, చెరువులు, వేడినీటి ఊటలు, అడవిదున్నలు. కారు దిగి ఫొటో దిగి వచ్చేసేవాళ్ళే ఎక్కువ. లోపలికి నడిచి రాత్రి బస చేయాలంటే పర్మిట్ కావాలి. దానికోసం శీతాకాలంలోనే పోటీ మొదలవుతుంది. ఎత్తు మీది దారుల్లో మంచు జూలై దాకా కరగదు కనక మేము ఆగస్టు అనుకున్నాం. ఆగస్టులో కూడా రాత్రిళ్ళు వణికిస్తుందట.

నడక గురించి నాకు భయం లేదు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి కొండకి వెళ్ళిన ఆడవాళ్ళు మనలో ఎంతమంది లేరు? చంకలో పిల్లతో, చేతిలో సంచితో, మెట్టు మెట్టుకీ పసుపూ కుంకుమా పెడుతూ ఎక్కినవాళ్ళం. తేడా అల్లా అక్కడ గుడారం, పక్క, తిండి వీపు మీదే మోయాలి. మన శరీరం బరువులో ఐదోవంతు మించితే కష్టమని అలవాటున్నవాళ్ళు చెబుతారు. మావారి సంచీలో నా బట్టలు, నా సంచీలో అందరి గిన్నెలు అనే లెక్క అక్కడ కుదరదు. ఎవరి బరువు వాళ్ళదే.

బట్టల దగ్గర మాత్రం దెబ్బ తిన్నాను. ఎండాకాలం కదా అని నాలుగు మంచి నూలు చుడీదార్లు కుట్టించాను. చెల్లెలు వద్దంది. నూలుబట్ట తడిస్తే ఓ పట్టాన ఆరదు, ఆ చల్లదనం ఒంటికి పట్టేస్తుంది, ఉన్నిగానీ నైలాన్ లాంటిదిగానీ కావాలంది. నూలుని మించిన బట్ట లేదని నమ్మి పెరిగిన ప్రాణం నాది!

పడవ దగ్గరికొచ్చేసరికి అసలు చిక్కు. నాకు ఈత రాదు. గోదావరి ఒడ్డున పుట్టి ఈత రాని ఆడదాన్ని నేనొక్కదాన్నే కాదు. అన్నయ్యలు రేవులో దూకి ఆ దరికి ఈదేవాళ్ళు. మేం మోకాలిలోతులో మెట్టు పట్టుకుని మూడు మునకలు వేసి వచ్చేవాళ్ళం. కార్తీకమాసంలో దీపాలు వదిలిన నదిలో దిగడానికే భయపడ్డాం. అది మా పిరికితనం కాదు, నేర్పలేదు, అంతే.

అక్కడి చెరువులు కొండల మంచు కరిగిన నీళ్ళు. ఎల్లోస్టోన్ సరస్సైతే సముద్రమట్టానికి ఏడువేల అడుగులకి పైన ఉంది. నడివేసవిలో కూడా ఆ నీళ్ళు ప్రమాదకరమైనంత చల్లగా ఉంటాయి. అందులో పడితే ఈత వచ్చినవాళ్ళకే కాళ్ళూ చేతులూ త్వరగా పనిచెయ్యడం మానేస్తాయి. అందుకే ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఉండాలని నిబంధన. ఉండటమంటే పడవలో పడేసి ఉంచడం కాదు, ఒంటిమీద బిగించుకోవడం. మధ్యాహ్నమయ్యేసరికి గాలీ ఉరుములూ లేస్తాయి కనక తెల్లవారుజామునే బయల్దేరి, ఒడ్డు పక్కనే సాగాలి.

మేం టీటన్లోని స్ట్రింగ్ లేక్‌లో పడవ దింపి, చివర పడవని భుజాన వేసుకుని కొద్దిదూరం నడిచి, లీ లేక్‌లో దించాలనుకున్నాం. పక్కనే జెన్నీ లేక్ ఉంది. ఈ పేర్ల వెనక కథ చదివాక ఆ రాత్రి నిద్రపట్టలేదు. రిచర్డ్ లీ ఆ ప్రాంతంలో దారి చూపించే వేటగాడు. జెన్నీ అతని భార్య, షోషోన్ తెగ పిల్ల. 1872లో సర్వే చెయ్యడానికి వచ్చినవాళ్ళకి ఈ దంపతులు సాయం చేస్తే, వాళ్ళు ఆ చెరువులకి ఈ పేర్లు పెట్టారు. నాలుగేళ్ళ తర్వాత 1876లో మశూచి వచ్చి జెన్నీ, ఆమె ఆరుగురు పిల్లలూ పోయారు. ఫొటోల్లో అద్దంలా మెరిసే ఆ చెరువు ఒక తల్లి పేరని ఎంతమందికి తెలుసో.

పడవ నడిపే పద్ధతి చదువుతుంటే ఇంకో సంగతి తెలిసింది. ఇద్దరు కూర్చునే కెనూ పడవలో ముందువాళ్ళు తెడ్డు వేస్తారు. వెనక కూర్చున్నవాళ్ళు తెడ్డు వేస్తూనే పడవని తిప్పుతారు. దారి చూసుకోవాల్సింది వెనకవాళ్ళే! స్కూటర్ వెనక పక్కకి కూర్చుని, ఎటు తీసుకెళితే అటు వెళ్ళిన మనకి ఇది వింతగా లేదూ? బరువైనవాళ్ళు వెనక ఉంటే మంచిదట. ఆ లెక్కన మా ఇంట్లో అర్హత నాదే. మావారు నవ్వి "తెడ్డు నీకు కొత్తేమీ కాదుగా" అన్నారు. నిజమే, వంటింట్లో తిప్పేదీ తెడ్డే. ఇన్నాళ్ళూ దాంతో ఉన్నచోటే తిప్పాను.

ఇక చెప్పడానికి మొహమాటపడే విషయం. ఆ రోజుల్లో నెలసరి వస్తే? తిరుపతి ప్రయాణానికీ పెళ్ళిళ్ళకీ వాయిదా మాత్రలు మింగడం మనకి అలవాటే. దీనికీ అదే చెయ్యాలేమో అనుకున్నాను. పైగా ఎలుగుబంట్లు ఆ వాసనకి వస్తాయని ఎక్కడో విన్నాను. ఈ మాట ఎక్కడ పుట్టిందో వెతికాను. 1967 ఆగస్టులో మొంటానాలోని గ్లేసియర్ పార్కులో ఒకే రాత్రి రెండు వేరువేరు చోట్ల గ్రిజ్లీ ఎలుగుబంట్లు ఇద్దరమ్మాయిలని చంపాయి. ఇద్దరికీ పందొమ్మిదేళ్ళు. కారణం వెతికినవాళ్ళలో కొందరు నెలసరి వైపు వేలు చూపించారు. అసలు సంగతేమిటంటే, ఆ చుట్టుపక్కల మనుషులు పారేసిన తిండి మరిగి ఆ జంతువులు భయం మర్చిపోయాయి. తర్వాత శాస్త్రవేత్తలు పరిశీలించారు. గ్రిజ్లీలు నెలసరి వాసనకి ప్రత్యేకంగా ఆకర్షింపబడతాయనడానికి ఆధారం లేదని పార్కువాళ్ళే చెబుతున్నారు. వాడిన ప్యాడ్లు పాతిపెట్టకుండా గట్టి సంచీలో మూటగట్టి, తిండితో పాటే జాగ్రత్తచేసి, వెనక్కి తెచ్చుకోమంటారు. అంతే!

చూడండి, చెత్త పారేసింది మనుషులైతే తప్పు ఆడపిల్లల ఒంటి మీదికి వచ్చింది. "బయట ఉన్నావా, అక్కడికి రాకు" అనే మాట గోదావరి ఒడ్డునే కాదు, అంత దూరంలో కూడా సైన్సు వేషం వేసుకుని తిరిగిందన్నమాట. నేనైతే మాత్రలు వేసుకోదల్చుకోలేదు. మీరూ ఎవరో చెప్పారని కాక, డాక్టరుని అడిగే వేసుకోండి.

ఎలుగుబంట్లకి కావాల్సింది తిండి వాసన. పచ్చడి, సబ్బు, టూత్‌పేస్టు, కొబ్బరినూనె అన్నీ వాటికి ఒకటే. ఇవన్నీ గట్టి డబ్బాలో పెట్టి గుడారానికి దూరంగా ఉంచాలి. వంట కూడా దూరంగానే. ఆవకాయ సంగతి తెలిసి మావారి మొహం చూడాలి! అడవిలోకి అటుకులు, వేయించిన ఉప్మారవ్వ, వేరుశెనగ ఉండలు చాలనుకున్నాం. ఎలుగుబంటి కనబడితే కనీసం వంద గజాల దూరంలో ఉండాలి. మిరియాల పొడిలాంటి ఘాటు స్ప్రే చేతికందేలా ఉంచుకోవాలి. దాన్ని విమానంలో తీసుకెళ్ళనివ్వరు, అక్కడే కొనుక్కోవాలి.

"పిల్లల్ని పెట్టుకుని ఇవన్నీ ఎందుకమ్మా" అంది అత్తయ్యగారు. ఆవిడకి మార్డీ మ్యూరీ గురించి చదివి వినిపించాను. అలాస్కాలో ఆ కాలేజీ నుంచి 1924లో పట్టా పుచ్చుకున్న మొదటి స్త్రీ. భర్త జంతుశాస్త్రవేత్త. 1926లో పసి కొడుకుని వెంటబెట్టుకుని నది మీద పడవలో అడవుల్లోకి వెళ్ళింది. తర్వాత టీటన్లోనే స్థిరపడింది. అడవుల్ని ఉన్నవాటిని ఉన్నట్టు ఉంచాలని అమెరికా 1964లో చట్టం చేసి, మొదట 91 లక్షల ఎకరాల్ని కాపాడింది. దానికోసం పాటుపడ్డ ఆమె భర్త అంతకుముందు ఏడాదే పోయాడు. చట్టం రాసిన జానీజర్ సంతకానికి నాలుగు నెలల ముందు పోయాడు. ఆ సంతకం రోజున ప్రెసిడెంటు పక్కన నిలబడింది ఇద్దరి భార్యలూ. అత్తయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పసివాడికి దోమలు కుట్టలేదూ?" అన్నారు.

ప్లానులో గళ్ళు మారాయి. మ్యాపు నాది, పడవ చెల్లెలిది. పర్మిట్లు మరిదిగారివే, ఆయనకి ఓపిక ఎక్కువ. వంట మావారిది. ఆదివారాలు అటుకుల ఉప్మా సాధన చేస్తున్నారు. మొదటిసారి అటుకులు నానబెట్టి మర్చిపోతే గిన్నెలో ముద్దయింది.

నేను మా ఊళ్ళో ఒక ఈతకొలనుకి వెళుతున్నాను. ఆడవాళ్ళకి వాళ్ళు ఇచ్చిన వేళ మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా! మగవాళ్ళకి పొద్దునా సాయంత్రమూ. ఎండ మాడ్చేస్తున్నా పదకొండుమందిమి వస్తున్నాం. అందరం కలిసి పొద్దున ఆరింటికి వేళ ఇమ్మని కాగితం రాసిచ్చాం. ఇంకా జవాబు రాలేదు. నిన్న నీళ్ళమీద వెల్లకిలా ఇరవై లెక్కపెట్టేదాకా తేలాను.