టు-లెట్ బోర్డు కింద అడిగే ప్రశ్న



హాస్టల్లో ఉన్నన్నాళ్లూ నీళ్ల చారునీ, ఆలస్యంగా వచ్చే స్కాలర్‌షిప్పునీ తిట్టుకున్నాం. ఒక్క ప్రశ్న మాత్రం అక్కడ ఎవరూ ఎవర్నీ అడగలేదు. బయటికొచ్చిన మొదటి వారంలోనే నన్ను అడిగారు.

పోయిన ఏడాది పీజీ అయ్యాక గ్రూప్స్ కోచింగ్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది వెతికాను. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి నడిచి పోగలగాలి, అద్దె ఐదు వేలు దాటకూడదు. బ్రోకరును పట్టుకుంటే ఒక నెల అద్దె అతనికే పోతుంది కాబట్టి నేనూ, నా మిత్రుడూ గేట్లకు వేలాడే బోర్డులు చూసుకుంటూ గల్లీలన్నీ తిరిగాం. ఆ డబ్బుకి వచ్చేది మేడ మీద రేకుల గదే. ఊళ్లో మా ఇల్లూ రేకులదే కదా అనుకున్నాం.

మూడో ఇంట్లో ఆంటీ మంచినీళ్లు కూడా ఇచ్చారు. ఏ ఊరు, ఏం చదివారు, నాన్న ఏం చేస్తారు అని అడిగి, చివరికి "మీరేమిట్లు?" అన్నారు. చెప్పాను. ఆమె కోప్పడలేదు. "మా ఆడపడుచు కొడుకు వస్తానన్నాడు బాబూ, కనుక్కొని చెప్తా" అన్నారు. నా ఫోన్ నంబరు మాత్రం తీసుకోలేదు. పది రోజుల తర్వాత కూడా బోర్డు అక్కడే ఉంది. (లైబ్రరీకి రోజూ అదే దారి, చూడకుండా ఎలా పోతాను?)

ఐదో ఇంట్లో నా మిత్రుడు అబద్ధం చెప్పాడు. నేను పక్కన నిలబడి తలూపాను. గది దొరికింది.

అబద్ధం చెప్పేవాళ్లను నేను తప్పుపట్టను. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి వచ్చిన అంబేద్కర్ గారికే 1917లో బరోడాలో ఇల్లు దొరకలేదు. పార్శీ పేరు పెట్టుకుని వాళ్ల సత్రంలో ఉంటే, సంగతి తెలిసి కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. కానీ మా అమ్మ పచ్చడి పట్టుకుని నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు, బస్టాండులోనే "ఇంటివాళ్లతో ఎక్కువ మాట్లాడకమ్మా" అన్నాను. ఎందుకని ఆమె అడగలేదు. రెండు రోజులుందామని వచ్చిన మనిషి సాయంత్రమే బస్సెక్కింది. కూలి చేసి నన్ను పీజీ దాకా చదివించిన తల్లిని దాచిపెట్టాల్సిన గది నాకెందుకు? నెల తిరక్కుండా ఖాళీ చేశాను.

చట్టం లేదా అంటారు. రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు ఉన్నాయి. అద్దె ఇల్లు లేదు. 17వ అధికరణం అంటరానితనాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోదు. అయితే "ఆడపడుచు కొడుకు వస్తున్నాడు" అనేది ఏ రూపమో స్టేషన్‌కి వెళ్లి ఎలా రుజువు చేస్తాం?

అందుకే అడుగుతున్నాను. మన పూర్వ విద్యార్థుల్లో టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు. కొందరు నగరంలో ఇళ్లు కట్టుకున్నారు. వార్షికోత్సవానికి వచ్చి ఫ్యాన్లు ఇస్తారు, సంతోషమే. అన్నా, మీ పై పోర్షన్ ఖాళీ అయితే గేటుకి బోర్డు కట్టే ముందు హాస్టల్‌కి ఒక్క ఫోన్ చెయ్యండి. "బ్యాచిలర్లకు ఇవ్వం" అనే మన అన్నలు కూడా నాకు తెలుసు. మీరూ ఒకప్పుడు బ్యాచిలర్లే!

ఇప్పుడున్న గది నాకు ఒక సీనియర్ అన్న చెబితేనే దొరికింది. జూన్‌లో ఖాళీ చేస్తున్నాను. అద్దె నాలుగున్నర వేలు, నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. కావాల్సిన తమ్ముడు ముందే చెబితే ఓనరుతో మాట్లాడి పెడతాను. ఆయన ఏ ఊరని అడుగుతారు. అంతకుమించి ఏమీ అడగరు.