ఆ మూడు జాగ్రత్తలు బెజవాడలో చాలవు



పాత మోటార్‌సైకిల్ కొన్నవారు ఇంజిన్ ఆయిల్ మార్చి, చైన్ బిగించి, ప్లగ్ శుభ్రం చేయిస్తే చాలని గత వారం మీ పత్రికలో రాశారు. మా ఊళ్లో అది చాలదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వీధుల్లో బళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. కడిగి పాలిష్ పట్టాక అలాంటి బండిని పైచూపుకి ఎవరూ పోల్చుకోలేరు.

అందుకని ఆయిల్ మార్చేటప్పుడు పాతదాన్ని పళ్లెంలోకి దించి చూడాలి. పాలు కలిపిన టీలా ఉంటే లోపలికి నీరు చేరినట్టే. అప్పుడు కొత్త ఆయిల్ పోసి, కాసేపు నడిపి, దాన్నీ తీసేసి మళ్లీ పోయాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున ఒండ్రు, వైర్ల కప్లర్లలో పచ్చటి చిలుము ఉన్నాయేమో వెతకాలి.

వ్యాసంలో బ్రేకుల ఊసే లేకపోవడం నన్ను బాగా బాధించింది. వరద మట్టి డ్రమ్ముల్లో పేరుకుంటుంది. చక్రాల బేరింగుల్లో గ్రీజు పోయి తుప్పు పడుతుంది. డిస్క్ బ్రేకులో పోసే ద్రవం తేమను పీల్చుకుంటుంది, అదీ మార్చాల్సిందే. రెండు చక్రాలూ విప్పించి చూడందే లారీలు తిరిగే ఏలూరు హైవే ఎక్కకూడదు. టైరు మీద నాలుగంకెలూ చదవాలి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ.

అప్పు చేసి పాత బండి కొని డెలివరీ పనికి వెళ్లే కుర్రాళ్లు మా పేటలో చాలామంది. వాళ్లకోసమైనా ఆటోనగర్ మెకానిక్‌లను అడిగి బ్రేకుల మీద వివరంగా రాయించండి.

– ఒక పాఠకుడు, పాయకాపురం, విజయవాడ